"నీ మంచికే చెప్తున్నా": బరువు గురించిన మాటలు, ఒక అమ్మాయి కేసు

గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. బరువుతో ముడిపడిన బాధతో నా దగ్గరికి తమంతట తాము వచ్చేవాళ్ళు తక్కువ. షుగర్ డాక్టరో, గైనకాలజిస్టో చీటీ రాసి పంపుతారు. ఈ కేసూ అలా వచ్చిందే. చీటీలో ఉన్నది ఇంతే: "పీసీఓఎస్, ప్రీడయాబెటిస్. బరువు చూద్దామంటే ఏడుస్తోంది. మూడేళ్ళుగా మధ్యలోనే మానేస్తోంది. ఒకసారి మాట్లాడండి." పీసీఓఎస్ అంటే హార్మోన్ల తేడాతో అండాశయాల పని, నెలసరి గాడి తప్పే సమస్య. ప్రీడయాబెటిస్ అంటే షుగర్ వచ్చే ముందు దశ.

ఆమె వయసు 24. తెనాలి వైపు ఊరు. ఇంటి నుంచే ఒక కంపెనీకి అకౌంట్స్ పని చేస్తుంది. పేరు రాయడం లేదు. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను. రాసిందంతా ఆమెకి చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను.

ఈ అమ్మాయికి వైద్యం అందకపోవడం అంటూ లేదు. పరీక్షలు చేయించారు, మందులు రాశారు, డైట్ చార్టులు నాలుగైదు ఉన్నాయి. అయినా మూడేళ్ళలో ఏదీ కదల్లేదు. రాసిన మందుకీ వేసుకోవాల్సిన మనిషికీ మధ్య మాటలు అడ్డుపడ్డాయి. ఆ మాటలు ఎవరివి, అవి ఏం చేశాయి, వాటిని ఎలా మార్చగలిగాం అన్నదే ఈ కేసు.

వచ్చినప్పటి పరిస్థితి

ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ వేసే లెక్క, 32 దాటింది. నడుము చుట్టుకొలత 97 సెంటీమీటర్లు. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1, అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. థైరాయిడ్ మామూలుగానే ఉంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా ఉంది. ఇవన్నీ చీటీతో పాటు వచ్చిన రిపోర్టుల్లోవి. నా గదిలో ఆ రోజు బరువు చూడలేదు.

ఒక రిపోర్టులో బీపీ 144/92 అని ఉంది. 24 ఏళ్ళకే బీపీ మందు మొదలుపెట్టాలేమోనని ఇంట్లో కంగారు. ఆమె చేతికి మామూలు సైజు పట్టీ చాలదు. చిన్న పట్టీ బిగించి చూస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మా దగ్గర పెద్ద పట్టీతో, పది నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 126/82 వచ్చింది. "అక్కడ పట్టీ అతుక్కోకపోతే నర్సమ్మ నవ్వి, ఏంటమ్మా ఇంత చెయ్యి అంది మేడమ్. నాకు గుండె దడదడలాడింది" అని చెప్పింది. ఆ దడ కూడా ఆ అంకెలో కలిసే ఉంటుంది.

బీఎంఐ గురించి ఒక మాట. ఈ లెక్క 1830లలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెటెలె వేసింది. ఆయన చూసింది జనాభా సగటుల్ని, ఒక మనిషి ఆరోగ్యాన్ని కాదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో నిపుణులు కలిసి హద్దులు పెట్టారు. మనవాళ్ళకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వస్తుంది కాబట్టి ఆ హద్దులకి అర్థం ఉంది. కానీ ఆ అంకె ఒక హెచ్చరిక మాత్రమే. మనిషి బద్ధకస్తురాలా, తిండిపోతా అన్నది అది చెప్పదు. ఈ అమ్మాయికి మాత్రం ఆ అంకె ఎప్పుడు చూపించినా ఆ రెండో అర్థంతోనే చూపించారు.

నా ముందు ఆమె కుర్చీ అంచున కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పొట్ట కనపడకుండా రెండు చేతులతో పట్టుకుంది. గంటసేపూ దాన్ని పక్కన పెట్టలేదు. నేను మొదట అడిగింది ఇది: "మీ శరీరం గురించి మనం మాట్లాడుకోవాల్సి వస్తుంది. నేను ఏ మాట వాడితే మీకు ఇబ్బంది ఉండదు?"

చాలాసేపు ఆలోచించింది. "బరువు అనండి చాలు మేడమ్. లావు అనొద్దు. ఊబకాయం అన్నా నాకు టీవీలో చూపించే మనుషులు గుర్తొస్తారు. తలకాయ కనపడకుండా పొట్ట ఒక్కటే చూపిస్తారు కదా, అది."

ఈ ప్రశ్న ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతాను. జవాబు ఒకేలా ఉండదు. ఒక పెద్దాయన "లావు అనే అనండి, నాకేం సిగ్గు" అన్నారు. ఎవరి ఒళ్ళు వాళ్ళది, దాన్ని ఏమనాలో చెప్పే హక్కూ వాళ్ళదే.

చరిత్ర

ఎనిమిదో ఏట దాకా ఆమె "బొద్దుగా, ముద్దుగా" ఉండే పిల్ల. చుట్టాలు బుగ్గలు గిల్లేవాళ్ళు. పదేళ్ళకి అదే బొద్దుతనం తప్పయింది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ముద్దుపేరు మారిందంతే. బాబాయి "బుజ్జి" అనేవాడు, "బండది" అనడం మొదలుపెట్టాడు. అదీ ముద్దుగానే. పద్నాలుగేళ్ళుగా ఆయనకి ఆమె బండదే.

ఇంటర్ రెండో ఏడాది డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి హాస్పిటల్లో చేర్చారు. ఇంటికొచ్చేసరికి ఏడు కిలోలు తగ్గింది. చూడ్డానికి వచ్చిన మేనత్త గుమ్మంలోనే నిలబడి, "అబ్బ, ఎంత బాగున్నావే! ఇలాగే ఉంచుకో" అంది. తర్వాత వచ్చినవాళ్ళదీ అదే మాట. ఆమె నాతో అన్నది యథాతథంగా: "గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తున్నా మేడమ్. అందరూ ఏదో ర్యాంకు వచ్చినట్టు మెచ్చుకుంటున్నారు. అప్పుడనిపించింది, నేను బాగుండటం కంటే తగ్గటమే వీళ్ళకి ముఖ్యమని." ఆ మెచ్చుకోలు తిట్టుకంటే లోతుగా దిగిందని నా అభిప్రాయం. ఆ తర్వాత రెండుసార్లు వారాల తరబడి రాత్రి భోజనం మానేసింది. రెండుసార్లూ తగ్గిన బరువు తిరిగొచ్చింది, ఇంకాస్త కలిపి.

పీసీఓఎస్ బయటపడ్డాక డాక్టర్ల మాటలు కూడా చేరాయి. ఒకచోట డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండా "పది కిలోలు తగ్గి రా, అప్పుడు చూద్దాం" అన్నారట. ఆమె తగ్గలేదు, అందుకని వెళ్ళలేదు. ఏడాది గడిచింది. "తగ్గి రా" అన్నది ఆమెకి "తగ్గేదాకా రాకు" అని వినిపించింది. అలా వినిపించడంలో ఆమె తప్పేమీ లేదు.

పెళ్ళిచూపులు రెండు జరిగాయి. రెండు వైపుల నుంచీ "అమ్మాయి మంచిదే, కాస్త తగ్గితే..." అని కబురు వచ్చింది.

మెడ సంగతి

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మెడ వెనక నలుపు పదిహేనేళ్ళ వయసులో మొదలైంది. నాయనమ్మకి అది మట్టి. "ఒళ్ళు తోముకోవు, అందుకే ఇలా పేరుకుపోయింది" అని ఆదివారం తలంట్ల రోజున కూర్చోబెట్టి సున్నిపిండితో రుద్దేది. పోలేదు. నిమ్మచెక్కకి ఉప్పద్ది రుద్దింది. పోలేదు. ఒక బంధువుల పెళ్ళికి ముందు రోజు పీచుతో రుద్దితే చర్మం లేచి నెత్తురొచ్చింది. ఆ పెళ్ళిలో జడ విప్పుకుని, వెనక వరసలో కూర్చుంది. అప్పటి నుంచి మెడ కనపడే జాకెట్టు వేసుకోలేదు.

అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక దాని మోతాదు పెరిగినప్పుడు మెడ, చంకల దగ్గర చర్మం మందమై నల్లబడుతుంది. షుగర్ రాబోతోందని శరీరం ముందుగా చెప్పే గుర్తుల్లో అదొకటి. అంటే ఈ పిల్లని పదిహేనేళ్ళప్పుడే డాక్టరుకి చూపించాల్సిన లక్షణం, "శుభ్రం లేని పిల్ల" అన్న మాట కింద తొమ్మిదేళ్ళు దాగిపోయింది. మాట వల్ల మనసు నొచ్చుకోవడం ఒకటి. మాట వల్ల జబ్బు కనపడకుండా పోవడం ఇంకొకటి. ఈ రెండోదాన్ని మన ఇళ్ళల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మాటల పుస్తకం

తిన్నది రాసుకునే పుస్తకం ఇలాంటి కేసుల్లో మామూలే. దానికి ముందు ఒక వారం ఇంకో పుస్తకం రాయమన్నాను. ఒంటి గురించి ఎవరేమన్నారు, ఎక్కడన్నారు, ఆ తర్వాత మీరేం చేశారు. అంతే, తిండి లెక్క వద్దన్నాను. ఆమె తెచ్చిన పేజీల్లోంచి కొన్ని, ఆమె అనుమతితో:

సోమవారం. పాల ప్యాకెట్ తెచ్చుకుంటుంటే పక్కింటి పిన్నిగారు: "ఏంటమ్మా, మళ్ళీ ఒళ్ళు చేశావ్?" టిఫిన్ తినలేదు.

మంగళవారం. టైలరు దగ్గర. టేపు చుట్టి, కొలతలు రాసే అబ్బాయికి వినపడేలా అంకె గట్టిగా చెప్పింది. "లోపల గుడ్డ ఎక్కువ వదుల్తాలే, మళ్ళీ విప్పాలిగా" అంది. నవ్వాను. జాకెట్టు తెచ్చుకోడానికి వెళ్ళబుద్ధి కాలేదు.

బుధవారం. ల్యాబులో రక్తం తీసే అతను: "చెయ్యంతా కొవ్వే, నరం ఎక్కడ దొరుకుద్ది?" ఇంటికొచ్చి అన్నం తినలేదు. రాత్రి అందరూ పడుకున్నాక తిన్నాను.

గురువారం. బాబాయి ఫోను. "మన బండది ఏం చేస్తోంది?" రాత్రి పదకొండున్నరకి వంటింట్లో లైటు వేయకుండా చల్లారిన అన్నంలో ఆవకాయ. తర్వాత మిక్చర్ ప్యాకెట్ మొత్తం. తర్వాత తమ్ముడి బిస్కెట్లు. నిలబడే తిన్నాను. ప్యాకెట్లు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పొద్దున బయట పారేశాను.

శుక్రవారం. అమ్మ: "నీ మంచికే చెప్తున్నా. ఈ సంబంధం కూడా పోతే నాన్న తట్టుకోలేరు." రాత్రి మళ్ళీ.

శనివారం. ఎవరూ ఏమీ అనలేదు. అద్దంలో చూసుకుని నేనే "ఛీ, పంది" అనుకున్నా. మధ్యాహ్నం మళ్ళీ. సాయంత్రం మళ్ళీ.

ఇద్దరం కూర్చుని వారం మొత్తం లెక్కపెట్టాం. అందరికంటే ఎక్కువసార్లు అన్నది ఆమే, తనని తాను. బయటివాళ్ళు అనాల్సిన అవసరం దాటిపోయింది. ఆ లెక్క చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

అంచనా

వారానికి నాలుగైదు రాత్రులు, ఆకలి తీరాక కూడా ఆపుకోలేక, ఒంటరిగా, సిగ్గుతో, పొట్ట నొప్పి పుట్టేదాకా తినడం. తర్వాత అసహ్యం. వాంతి చేసుకోవడం, విరేచనాల మందు వాడటం లేవు. ఇలా ఏడాదికి పైగా సాగుతోంది. దీనికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం డీఎస్ఎం-5లో, 2013లో, విడి జబ్బుగా చేరింది. మూడు నెలల పాటు వారానికి కనీసం ఒకసారి ఉంటే చాలు, ఈమెది అంతకు మించింది. డిప్రెషన్ కొలిచే ప్రశ్నల పట్టిక పీహెచ్‌క్యూ-9లో స్కోరు 14, అంటే మధ్యస్థంగా డిప్రెషన్. చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాను. "లేకపోతే బాగుండు అనిపిస్తుంది. చేసుకోవాలని లేదు" అంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోన్లో అక్కడే సేవ్ చేయించాను. ఇంట్లో ఎవరికి చెప్పగలదో కూడా రాసుకున్నాం. తమ్ముడి పేరు చెప్పింది.

పుస్తకంలో గొలుసు స్పష్టంగా కనిపించింది. మాట పడుతుంది, పూట మానేస్తుంది. పది పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉంటే ఎవరికైనా ఒళ్ళు ఆగదు. దానికి సిగ్గు తోడైతే అది రాత్రి పూట, చీకట్లో, ఎవరూ చూడనప్పుడు బయటపడుతుంది. పొద్దున్నే తనని తాను తిట్టుకుంటుంది, మళ్ళీ పూట మానేస్తుంది. బరువు గురించి అవమానానికి గురైన వాళ్ళలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడం, ఆ వెంటనే మామూలుకంటే ఎక్కువ తినడం ప్రయోగాల్లో కూడా చూశారు. ఇంట్లోవాళ్ళు "సంకల్పబలం లేదు" అన్నది ఈ గొలుసుని. పొద్దుటి నుంచి పూటలు మానేయడానికి ఆమె పెట్టిన బలం ఎవరికీ కనపడలేదు.

చికిత్స

మొదటి ఆరు వారాలు బరువు మాటే ఎత్తలేదు. ఆమెని చూస్తున్న డాక్టరుతో ముందే మాట్లాడుకుని, ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. అతిగా తినే జబ్బుకి మానసిక చికిత్స ఇచ్చేటప్పుడు బరువు తగ్గించడం దాని లక్ష్యం కాదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. మా లక్ష్యం రాత్రి తిండి ఆగడం.

దానికి చేసింది చాలా మామూలు పని. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలు దాటకూడదు. తిన్నది తప్పని గానీ ఒప్పని గానీ రాయకూడదు. ఇడ్లీ అయితే ఇడ్లీ, పెరుగన్నం అయితే పెరుగన్నం. ఆమెకి ఇది భయం. "మూడు పూటలా తింటే ఇంకా పెరుగుతాను కదా మేడమ్?" పెరగలేదు. మూడో వారానికి రాత్రి తిండి సగానికి తగ్గింది. పొద్దున్న తిన్న మనిషికి రాత్రి చీకట్లో నిలబడి తినాల్సిన పని తగ్గుతుంది.

తనని తాను అనుకునే మాటల మీద పని నెమ్మదిగా సాగింది. "పంది" స్థానంలో "నేను అందంగా ఉన్నాను" అని పెట్టించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. అబద్ధంగా అనిపించే మాట నోటికొస్తుంది గానీ మనసుకెక్కదు. జరిగింది జరిగినట్టు చెప్పుకోమన్నాను: "మధ్యాహ్నం తినలేదు, బాబాయి మాట గుచ్చుకుంది, రాత్రి ఎక్కువ తిన్నాను." ఆ వాక్యంలో తిట్టు లేదు, కారణం ఉంది. కారణం కనపడితే మర్నాడు చేయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

బరువు చూడటం కూడా ఒక పనిగానే పెట్టుకున్నాం. డాక్టరు గదిలో తలుపు వేసి, ముందుగా అడిగి, మిషన్‌కి వీపు పెట్టి నిలబడేలా. అంకె ఆమెకి చెప్పరు, పైకి చదవరు, ఫైల్లో రాసుకుంటారు. మూడోసారికి ఆమే వెనక్కి తిరిగి చూసింది. 80.5. "అంతేనా?" అంది. ఆమె బుర్రలో ఆ అంకె ఎప్పుడో తొంభై దాటేసింది.

వాస్తవాన్ని మాత్రం ఎక్కడా తగ్గించి చెప్పలేదు. మర్యాద పేరుతో జబ్బుని దాచడం కూడా అన్యాయమే. డాక్టరు ఆమెతో చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది: "మీ బరువు గురించి ఒక రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? మీ ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదు. పీసీఓఎస్‌లో ఇది మామూలే, మీరు తెచ్చుకున్నది కాదు. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళలో షుగర్ రావచ్చు. ఆపడానికి చేయగలిగినవి ఉన్నాయి, ఏది ముందు చేద్దామో మీరే చెప్పండి." ఇన్సులిన్ బాగా పనిచేసేలా చూసే మందు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు. మూడేళ్ళ కిందట రాసిందీ ఇదే మందు. ఈసారి వేసుకుంది. పీసీఓఎస్ చికిత్సపై 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు బరువు వల్ల కలిగే అవమానాన్ని డాక్టర్లు గుర్తించాలని, బరువు ప్రస్తావనకి ముందు అనుమతి అడగాలని చెప్తున్నాయి. రెండు నిమిషాల పని అది.

ఇంట్లోవాళ్ళతో

అందర్నీ ఒకసారి రమ్మన్నాను: అమ్మ, నాన్న, నాయనమ్మ, తమ్ముడు. వాళ్ళకి పిల్లంటే ప్రాణం. దాని గురించి నాకు అనుమానం ఎప్పుడూ లేదు. అమ్మగారు మొదటే అడిగారు: "మేం కూడా చెప్పకపోతే ఎట్లాగండీ? బయటివాళ్ళు అనేకంటే మేం అనడం నయం కదా?"

"ఎన్నేళ్ళుగా చెప్తున్నారమ్మా?"

"దానికి పదేళ్ళప్పటి నుంచి."

"చెప్పినప్పుడల్లా ఏమైందో ఎప్పుడైనా చూశారా?"

మాటల పుస్తకంలో శుక్రవారం పేజీ, ఆ అమ్మాయే చదివింది. అమ్మగారు ఏమీ అనలేదు. నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పాను. 2,379 మంది ఆడపిల్లల్ని పదేళ్ళ వయసు నుంచి పంతొమ్మిది దాకా గమనించారు. పదేళ్ళప్పుడు "నువ్వు మరీ లావు" అని అమ్మానాన్నలో, తోబుట్టువులో, టీచర్లో, స్నేహితులో అన్న పిల్లలు, అలా అనిపించుకోని పిల్లలకంటే పంతొమ్మిదేళ్ళకి ఊబకాయంలో ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది. మొదట్లో ఉన్న బరువుని లెక్కలోకి తీసుకున్నా అంతే. 2014లో వచ్చింది ఆ పరిశోధన. మాటే కారణమని అది తేల్చలేదు. మాట వల్ల బరువు తగ్గుతుందన్న నమ్మకానికి మాత్రం అందులో ఆధారం లేదు.

నాయనమ్మతో మెడ గురించి డాక్టరే మాట్లాడారు. "మామ్మగారూ, ఇది మట్టి కాదండీ. లోపలి జబ్బుకి పైకి కనపడే గుర్తు. రుద్దితే పోదు, ఇంకా నల్లబడుతుంది." ఆవిడ లేచి వెళ్ళి మనవరాలి జడ పక్కకి తీసి, మెడ మీద చెయ్యి పెట్టింది. "అయ్యో తల్లీ, నేను రుద్దుతుంటే నొప్పి అని చెప్పలేదేమే?" అంది. "చెప్పాను నాయనమ్మా. ఓర్చుకో, పెళ్ళి కావాలి అన్నావు."

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. అమ్మగారు ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు బాగా సన్నగా ఉండేవారట. "ఎండుపుల్లని తెచ్చారు, నాలుగు ముద్దలు ఎక్కువ తిని ఒళ్ళు చెయ్యి" అని నాయనమ్మ అనేదట. తమ్ముడు అందుకున్నాడు: "నన్ను ఇప్పటికీ ఈనుపుల్లే అంటారు. గాలికి ఎగిరిపోతావు, నీ వాటా అంతా అక్కే తింటోంది అంటారు." ఒక వాక్యంలో ఇద్దరు పిల్లలకీ తగిలింది. కుర్రాడు ఎవరికీ చెప్పకుండా జిమ్‌లో అమ్మే పొడులు తాగుతున్నాడు. వాటిలో ఏముందో అతనికే తెలియదు. డాక్టరుకి చూపించమన్నాను. ఆ ఇంట్లో మూడు తరాల్లో ఏ ఒక్కరి ఒళ్ళూ సరైనదని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

నియమాలు ఇంట్లోవాళ్ళే రాసుకున్నారు. కంచం ముందు ఒంటి మాట ఎత్తకూడదు. ఎవరు ఎంత వడ్డించుకున్నారో పైకి అనకూడదు. తగ్గితే మెచ్చుకోకూడదు, పెరిగితే అడగకూడదు. చుట్టాలు అంటే, ఆ అమ్మాయి జవాబు చెప్పుకునేదాకా చూడకుండా నాన్న మాట మార్చాలి. ఈ చివరిది నాన్నగారే చేర్చారు. సాయంత్రం నడక గురించి అమ్మాయి అంది: "నాతో నడవడానికి రమ్మంటే వస్తానమ్మా. తగ్గడానికి నడువు అంటే రాను." అమ్మగారు మొదటి నెల రెండు మూడుసార్లు నోరు జారారు. తర్వాత తగ్గింది.

ఏడాది తర్వాత

హెచ్‌బీఏ1సీ 5.8. నెలసరి 35, 40 రోజులకోసారి వస్తోంది. రాత్రి తిండి నెలలో ఒకటి రెండుసార్లు, అదీ ఏదైనా శుభకార్యానికి వెళ్ళొచ్చిన రోజే ఎక్కువ. పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. బరువు 77 కిలోలు. నాలుగు కిలోలేనా అని ఒక మిత్రుడు, ఆయనా వైద్యుడే, అడిగాడు. మూడేళ్ళుగా వైద్యం మధ్యలోనే మానేస్తూ వచ్చిన అమ్మాయి ఏడాదిగా ఒక్క అపాయింట్‌మెంటూ తప్పలేదు. నేను ముందు రాసుకునే ఫలితం అది. మెడ మీద నలుపు కొంచెం పలచబడింది.

అన్నీ మారలేదు. మేనత్త మారలేదు. బాబాయికి నాన్నగారు ఫోన్ చేసి చెప్తే, "ముద్దుగా అన్నదానికి కూడా ఇంత రాద్ధాంతమా" అని అలిగి రెండు నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాడు, కాస్త బిగుసుకుపోయి. పెళ్ళి సంబంధాలు ఆమె కోరిక మీద ఆపారు. ఆ కబుర్లు మళ్ళీ మొదలైనప్పుడు ఎలా ఉంటుందోనని నాకు బెంగగానే ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21 లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. బస్సులో, బడిలో, పెళ్ళి పందిట్లో మన పక్కన కూర్చున్న ఆడవాళ్ళలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఈ మాటలు తగలొచ్చు. పత్రికల్లో మనవాళ్ళు "ఊబకాయులు" అని రాస్తారు. "ఊబకాయం ఉన్నవారు" అని రాస్తే ఒక్క పదమే పెరుగుతుంది. రాసే మిత్రులని నేను అడుగుతూనే ఉన్నాను. 2020లో వందకి పైగా వైద్య, శాస్త్ర సంస్థలు బరువు పేరుతో మనుషుల్ని కించపరచడం ఆపాలని ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆ ప్రకటన మన ఓపీ గదుల దాకా రావాలని నా పట్టుదల.

మా దగ్గర చేసిన మార్పులకి పెద్ద ఖర్చు కాలేదు. వరండాలో అందరి ముందూ ఉండే బరువు మిషన్ లోపలి గదిలోకి వెళ్ళింది. చేతులు లేని వెడల్పు కుర్చీలు రెండు వేశారు. పెద్ద బీపీ పట్టీ ప్రతి గదిలో ఉంది. రక్తం తీసే పిల్లలకి ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చెప్పాం: నరం దొరక్కపోతే "ఇంకోసారి చూస్తానండీ, ఓపిక పట్టండి" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు.

ఆమె మెట్‌ఫార్మిన్ కొనసాగుతోంది, పరీక్షలు మూడు నెలలకోసారి. మేనత్త కూతురి పెళ్ళి దగ్గర్లోనే ఉంది. అక్కడ ఏమంటారో ఊహించి, ఏం చెప్పాలో ఇద్దరం సాధన చేశాం: "అత్తా, నా ఒంటి సంగతి డాక్టరు గారు చూసుకుంటున్నారు. నువ్వు పెళ్ళి కబుర్లు చెప్పు." తమ్ముడు మొన్న ఫోన్ చేసి, అక్కకి చెప్పొద్దంటూ, తన కోసం టైమ్ అడిగాడు. శనివారం రమ్మన్నాను.